ఖలీల్ భాయ్ గీసిన తల్లీకూతుళ్లు

మంగళవారం, ఎస్.ఆర్. నగర్

హాస్టల్ గోడ మీద ఖలీల్ భాయ్ బొమ్మ ఈరోజు పూర్తయింది. కోచింగ్ సెంటర్ల పోస్టర్ల బెడద వదలాలని, ఏదో ఒక జంతువును గీయమన్నారు మా ఓనరు ప్రసాదరావు గారు. ఖలీల్ భాయ్ నార్తర్న్ వైట్ రైనో జాతి ఖడ్గమృగాలు రెండింటిని గీశాడు.

ఫ్లెక్సీలు రాకముందు అమీర్‌పేటలో సగం బోర్డులు ఖలీల్ భాయ్ రాసినవే. ఇప్పుడు చెయ్యి వణుకుతోంది. కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని, ఒక్క కన్ను కోసం పొద్దున్నంతా నిలబడ్డాడు. ఆ కన్ను తడిగా, నిజంగా మనవైపే చూస్తున్నట్టు ఉంది. సెలవు పెట్టినందుకు ఇది చూడటం చాలు నాకు.

సాయంత్రం ప్రసాదరావు గారు వచ్చారు. "బాగుందయ్యా. పక్కన ఓ బుజ్జి పిల్లని కూడా వేసెయ్, నిండుగా ఉంటుంది."

"పిల్ల లేదు సార్," అన్నాడు ఖలీల్ భాయ్. "ఆఫ్రికాల గీ జాతివి గీ రెండే మిగిలినయ్. తల్లి, బిడ్డ. మగది ఒక్కటి సుత లేదు. లేని పిల్లను ఎట్ల గియ్యాలె?"

ప్రసాదరావు గారు గోడకు దగ్గరగా వెళ్లి, "వీటిలో కూతురు ఏది?" అని మెల్లగా అడిగారు.

నేనైతే అడగ్గానే పిల్లను గీసేసేవాణ్ణి. ఎదుటివాళ్లు మెచ్చుకుంటే చాలనుకునే రకం.

వెనక గోడ కూడా ఖలీల్ భాయ్‌కే ఇచ్చేశారాయన. రేపటి నుంచి అడవి ఏనుగట. ఆ చెయ్యి మాట వింటే బాగుండు...