మా చెల్లెలి అస్థికలు, కొండ మీది తాళం

జిల్లా అధికారి గారి సముఖమునకు, లైత్‌దోమ్ గ్రామ నివాసి, షాబోంగ్ వంశస్థుడు ద్రిన్‌సింగ్ (వయసు 81) పెట్టుకొను మూడవ అర్జీ.

అయ్యా,

విషయం: కీ.శే. థెయిలిస్ షాబోంగ్ మరణ పత్రములో మతం గడి సరిచేసి, ఆమె అస్థికలను మా వంశపు రాతిగూటిలో చేర్చుటకు కొండ గేటు తాళం తీయించుట గురించి.

1. సదరు థెయిలిస్ నా చెల్లెలు, మా అమ్మకు కడగొట్టు ఆడపిల్ల. అందుచేత మా ఆచారం ప్రకారం ఇల్లు, ఇంటి దైవకార్యాలు ఆమెకే దక్కినవి. రెండేళ్ల క్రితం వానల్లో కాలం చేసినది. మా ఖాసీ పాత మతం ప్రకారం దహనం చేసి, అస్థికలు తెల్లగుడ్డలో చుట్టి, కుండలో పెట్టి, పెరటి రాళ్ల నడుమ తాత్కాలికంగా ఉంచితిమి. అక్కడినుంచి కొండ మీది రాతిగూటిలో మా అమ్మ, అమ్మమ్మల అస్థికలతో కలుపవలెను. ఇంతలో ఆ కొండ మీద మంచినీళ్ల ట్యాంకు కట్టి, చుట్టూ కంచె వేసి, గేటుకు తాళం బిగించినారు. చనిపోయినవారు పాత మతస్థులే అని తమ కార్యాలయం కాగితమిస్తే గాని తీయరట.

2. మరణ పత్రములో తమ గుమాస్తా ఆమె మతం "క్రైస్తవం" అని రాసినాడు. కొడుకు వెల్‌బోర్న్ పాస్టరు అయినంత మాత్రాన తల్లి క్రైస్తవురాలు ఎట్లా అవుతుంది? కళ్లు నెత్తికెక్కి రాసినాడని నా ఆరోపణ. మొదటి అర్జీ పెట్టుకొనగా, దయతో సరిచేసి "హిందూ" అని ఇచ్చినారు. ఇదేమిటమ్మా అని అడిగితే కౌంటరులో అమ్మాయి, "దహనం చేశారు కదా తాతా, మరి హిందువే కదా?" అన్నది. గేటు దగ్గర ఆ కాగితం చూసి, "హిందువులైతే నదిలో కలుపుకోండి, కొండెందుకు?" అన్నారు.

3. రెండవ అర్జీకి "ఇతరులు" అని వచ్చింది. అయ్యా, తెల్ల పాదిరీలు రాకమునుపు నుంచీ ఈ కొండల్లో ఉన్నవాళ్లం, మేము ఇతరులమా? సరే, కోపం దిగమింగుకున్నాను. ఇతరుల్లో ఏ ఇతరులో మతపెద్ద చేత రాయించుకు రమ్మన్నారు. అప్పుడు జరిగిన మాటలు ఉన్నదున్నట్టు:

"మీ మతపెద్ద ఎవరు తాతా?"

"మాకట్లా ఒకడంటూ ఉండడమ్మా. ఏ ఇంటికి ఆ ఇంటి మేనమామే పెద్ద."

"అయితే ఆయన్నే రాసిమ్మనండి."

"ఆ మేనమామను నేనే. ఇదిగో, రాసే తెచ్చాను."

"అయ్యో, దగ్గరి బంధువు సాక్ష్యం చెల్లదు తాతా!"

షిల్లాంగులో మా మతస్థుల సంఘం వారు రాసిచ్చిన కాగితం కూడా పట్టుకెళ్లాను. అది వేరే జిల్లాదని తిప్పికొట్టారు.

4. మా వంశంలో పాత మతం పట్టుకుని ఉన్న మగవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. గూటి రాయి జరిపి, "అమ్మా, నీ బిడ్డను తీసుకొచ్చాను" అని చెప్పవలసింది నేను. నేను పోతే ఆ మాట చెప్పే దిక్కు లేదు. థెయిలిస్ ఆ కుండలోనే, పెరట్లోనే ఉండిపోతుంది. పొద్దున్నే అటు చూడలేక తల దించుకుని పోతున్నాను. సిగ్గుగా ఉందయ్యా.

కావున నాకు ఊపిరి ఉండగానే ఆ తాళం తీయించవలెనని వేడుకొనుచున్నాను. ఈసారైనా చిత్తగించవలెను.

ఇప్పటికి మూడుసార్లు ఇదే మాట రాసుకున్న
తమ విధేయుడు,
ద్రిన్‌సింగ్ షాబోంగ్

తా.క.: నాకు చూపు ఆనదు. ఈ అర్జీ నేను చెబుతుంటే టైపు చేసింది మా మేనల్లుడు, ఆ పాస్టరు వెల్‌బోర్నే. అంతా అయ్యాక కూడా వాడు లేవలేదు.

"మామా, గుమాస్తా తప్పేం లేదు. నేనే చెప్పాను."

"ఏం చెప్పావురా?"

"అమ్మది క్రైస్తవమని. ముప్పై ఏళ్లు బతిమాలాను కదా మామా. ప్రార్థనంతా వినేది. 'అయిందా నాయనా? ఇక వక్క వేసుకో' అనేది. పోయాక ఒక్క కాగితం మీదైనా నాతో ఉంటుందనుకున్నాను."

రెండేళ్లు నన్ను మీ ఆఫీసు చుట్టూ తిప్పాడు! ముందు రెండు అర్జీలు కూడా వీడే టైపు చేశాడు! చెంప పగలగొడదామని చెయ్యెత్తాను. యాభై ఏళ్లవాడు, పసివాడిలా ఏడుస్తున్నాడు. చెయ్యి దించేశాను. తమ ముందుకొచ్చి అబద్ధం ఒప్పుకుంటాడట. చర్చి వాళ్లు ఊరుకోరని తెలుసట, అయినా వస్తాడట. కనుక రెండో అంశంలో గుమాస్తాను అన్న మాట కొట్టివేయగలరు.

కొండదారిలో రెండు వాగులున్నాయి. పోయినవాళ్లు దాటడానికి వాటి మీద దారం కట్టాలి. "ఎట్లా కడతారో చూపించు మామా, కుండ నేనే మోస్తాను" అన్నాడు. అందుకని పెరట్లో, వాళ్లమ్మ ముందే, రోజూ వాడికి ముడులు వేయడం నేర్పుతున్నాను. దారం మా దగ్గరుంది. తాళంచెవి తమ దగ్గరుంది.