జొన్నరొట్టెలు నాలుగు పెట్టిన

సౌజన్య నాయనా, డబ్బల నాలుగు జొన్నరొట్టెలున్నయి, గిన్నెల పుంటికూర పప్పుంది. మిల్లు నైట్ డ్యూటీ నుంచి రాంగనె తిను. సీడు పత్తి చేన్ల పూలకు క్రాసింగ్ చేసే కూలికి ఆటో వచ్చింది, నేను పోతున్న.

ఉతుకుదామని నీ అంగి తీస్తే జేబుల బీడీకట్ట దొరికింది. ఇంకా విప్పలేదు. తప్పు నాదే. బీడీ మానేసినంక లావైతున్నవని వారం సంది రెండే రొట్టెలు పెడుతున్న. నిన్న దవాఖానల నర్సమ్మకు చెప్తే నన్నే తిట్టింది. బీడీల ఉండే నికోటిన్ మెదడుకు పోయి ఆకలి లేదని చెప్తదంట. మానేస్తే అణిగిన ఆకలి మళ్ల లేస్తదంట, జర బరువు పెరుగుతరంట. దానికి భయపడి మళ్ల ముట్టియ్యొద్దన్నది. నడుమల ఆకలైతే ఉడకబెట్టిన పల్లి బుడ్డలున్నయి, తిను.

కట్ట నేను పారెయ్యలె, కిటికీల పెట్టిన. నువ్వే పొయ్యిల వెయ్యి.

పన్నెండేండ్లు నువ్వు సగం రొట్టె ఇడిసి లేస్తుంటె, నా చేతి వంట నచ్చలేదనుకున్న. నోరు తెరిచి అడగలె. ఇప్పుడు గిన్నె కడిగినట్టు ఖాళీ చేస్తున్నవు గాని, నువ్వొచ్చే యాల్లకు నేనుండ, నేనొచ్చే యాల్లకు నువ్వుండవు. మన సౌజన్య హాస్టల్‌కు పోయినంక ఇంట్ల మాట్లాడే మనిషే లేదు.

ఇంకొకటి. ఐతారం నేను చేనుకు పోను. ఆ పొద్దు రాంగనె పండుకోకు. నువ్వు ఆకలితోటి తింటుంటె నేను ఒక్కసారన్న సూడాలె.