భీవండి తొవ్వలో మన మనుమరాలు

సుజాత నాయినా,

నీ సంవత్సరీకం అయిన మర్నాడే మన సుజాత బిడ్డ మౌనిక సైకిలెక్కింది. నువ్వు మగ్గాల పనికి పోయిన భీవండి నుంచి సిరిసిల్లకు తొక్కుకుంటూ వచ్చిన తొవ్వను తనూ చూడాలట. ఒక్కతే పోయింది. నిన్న నాందేడ్ దాటాక ఫోను కలవలేదు. చుడుతున్న బీడీల చాట పక్కన పెట్టి, అది క్షేమంగా ఉంటే వేములవాడ రాజన్నకు కోడెను కడతానని మొక్కుకున్నాను. పొద్దుగూకేవేళకు అదే చేసింది.

"అమ్మమ్మా, గడియకోసారి ఫోన్ చేస్తే చార్జింగ్ ఉంటదా? నీ రంధికే నా ఫోను సచ్చింది! ఇప్పుడే హోటల్ల పెట్టిన."

"నా పానం పోయిందే! భయమైతలేదా?"

"మొదటిరోజు అయింది. ఇయ్యాల పంక్చర్ నేనే ఏసుకున్న. నాకు గింత శాతనైతదని నాకే ఎర్కలేదు."

నాకు నువ్వు గుర్తొచ్చావు. భీవండిలో మగ్గాలు బందై నువ్వు సైకిలు మీద ఇల్లు చేరిన నాడు, కబురెందుకు పంపలేదని గుమ్మంలోనే తిట్టాను. నువ్వేదో చెప్పబోయి ఊరుకున్నావు. ఆ తొవ్వ సంగతి మళ్లీ నేనడగలేదు.

"తొవ్వల ఏమేం చూసినవే?" అన్నాను.

అది చెప్తూ పోయింది. ఒక్కసారి కూడా అడ్డు రాకుండా విన్నాను.