వలలో ఏనుగు

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. దిగులుగా రాయాల్సిన ఉత్తరం ఇది. కానీ ఈ కబురు నీకు చెప్పకుండా నా చేతులు ఆగడం లేదు!

మొన్న అన్నయ్య నీ విసురువల విప్పాడు. వల ఎలాగూ చివికిపోయింది, అంచున కట్టిన సీసం గుళ్లయినా కరిగించి కొత్త వలకి వాడుకుందామని పొయ్యి మీద మూకుడు పెట్టాడు. గుళ్ల మధ్య ఒక బిళ్ల కనిపించింది. మట్టి తుడిచి చూస్తే దాని మీద ఏనుగు! తొండం ఎత్తిన ఏనుగు! "అన్నయ్యా, అది వెయ్యకు!" అని అరిచి లాక్కున్నాను.

నిన్న రాజమండ్రి మ్యూజియంలో మేడం గారు దాన్ని భూతద్దంలో చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"శాతవాహనుల నాణెమండీ ఇది!"

"సీసంతో డబ్బులేంటండీ?" అని అన్నయ్య నవ్వాడు.

"సంతలో చిల్లర బేరాలకి ఇవేనండి అప్పట్లో."

అంటే ఒకప్పుడు చేపలు కొన్న నాణెం, నీ చేతికొచ్చాక చేపలు పట్టింది నాన్నా!

"ఎక్కడ దొరికిందండీ?" అని అడిగారావిడ.

"మా నాన్న వలలోనండి" అన్నాను, తలెత్తుకుని.

అప్పుడావిడ చిల్లు చూపించారు. తాడు కట్టడానికి నువ్వు పెట్టిన చిల్లు. అది నడిమధ్యన లేదు. ఏనుగుకి ఎక్కడా తగలకుండా, ఓ వారగా, అంచున ఉంది.

అంటే నువ్వు చూశావన్నమాట. మాకు మాటమాత్రమైనా చెప్పకుండా, ఇన్నేళ్లూ ఏనుగుని వెంటేసుకుని వేటకెళ్లావా నాన్నా?