గడప బయట హార్మోనియం

బెళుగుప్ప
11 జూలై 2025, శుక్రవారం. గాలి ఎక్కువ. మబ్బులు వచ్చి పోయాయి. విత్తనానికి చెనక్కాయలు ఒలిచాను.

తమ్ముడు జోయల్‌కు,

రోజూ నోటుపుస్తకంలో రాసుకునే వానా పనీ లెక్క అలవాటుగా ఇక్కడా పడింది. కొట్టివేయను. ఫోనులో నాకు మాట రాదని నీకు తెలుసు.

మీ చర్చికి పాట అడిగావు. "ఏ దేవుని పేరని ఆలోచన చేయొద్దన్నా, ఆ చోటు ఖాళీగా ఇడ్సు, నేను నింపుకుంటా" అని రాశావు. నవ్వుకున్నాను. మీ వదిన ఓబమ్మ పోయాక కొత్త పాటను మొదట వినే మనిషి లేదు. బియ్యంలో రాళ్లు ఏరుతూ వినేది. "మళ్లా సామిని బయటనే నిలబెట్నావా? ఆయప్పకు కాళ్లు నొయ్యవా?" అనేది.

నీ కోసం మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ దేవుడు గడప బయటే నిలబడ్డాడు. నా పాటలన్నీ అంతే. మా భజన పెద్ద అంజినప్ప అందరికీ గొప్పగా చెబుతాడు: "చెన్నప్ప భక్తి అట్లాంటిదప్పా, దేవుణ్ణే కాచుకోనుండేట్ల చేస్తాడు."

అది భక్తి కాదు. అది నువ్వు.

పద్దెనిమిదేళ్ల కిందటి శ్రావణ శనివారం. మేమంతా రాముని గుడిలో భజన చెక్కలు పట్టుకుని ఉన్నాం. నువ్వు బయట అరుగు మీద హార్మోనియంతో ఉన్నావు. లోపలికి రావద్దని నీకెవరూ చెప్పలేదు. మీవాళ్లు ఎక్కడ కూర్చోవాలో చెప్పాల్సిన పని ఊళ్లో ఎప్పుడూ లేదు. ఆ సాయంత్రం వాన దంచింది. నువ్వు చొక్కా విప్పి హార్మోనియం మీద కప్పి, దాని కింద చేతులు పెట్టి వాయిస్తూనే ఉన్నావు. నేను గడప పక్కనే ఉన్నాను. లోపలికి రా అన్న మాట నోటిదాకా వచ్చింది. చెక్కలు ఆగిపోతాయని భయపడ్డాను. భజన అయ్యాక "గాలితిత్తి తడిసిందిలే అన్నా, ఆరుతుంది" అన్నావు. ఆరలేదు. ఆ నెలలోనే నువ్వు ఊరు విడిచావు.

ఆ వాన మర్నాడే 'వానలో నిలిచిన స్వామీ' అని పాట రాశాను. బాణీ కట్టింది నువ్వే. అది ఎవరి గురించో నీకు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఇది చదివాక నా పాట వద్దనిపిస్తే దాచకుండా రాయి.

నీ అన్న,
చెన్నప్ప

మడకశిర
18 జూలై

చెన్నన్నకు జోయల్ వందనాలు.

ఎవరి గురించో ఆ రోజే తెలుసన్నా. తెలియకుండానే అంత బాణీ కట్టానా? నీ ఉత్తరం చదివి వినిపిస్తే నా భార్య హేమ నవ్వింది. "ఇది చెప్పేకి ఆయప్పకు పద్దెనిమిదేండ్లు పట్టిందా?" అంది.

నువ్వు లోపలికి పిలిచినా నేను వచ్చేవాణ్ణి కాదు. మర్నాడు అదే ఊళ్లో బతకాలి కదా. కానీ అరుగు మీద ఇంకొక మనిషికి చోటుంది. నువ్వు బయటికి వచ్చి కూర్చుంటావని పాట అయిపోయేదాకా చూశాను. నా బాధ అంతే.

పాట రాయి. దేవుణ్ణి బయటే ఉండనీ, మాకేం ఇబ్బంది లేదు. పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టు.

నీ తమ్ముడు,
జోయల్

బెళుగుప్ప
27 జూలై, ఆదివారం. తెల్లవారి తుంపర. కొట్టం ఊడ్చాను.

తమ్ముడూ,

నిన్న సాయంత్రం భజనకు పోయి, చెక్కలు తీసుకుని బయట అరుగు మీద కూర్చున్నాను. లోపల పాట ఆగింది. అంజినప్ప గడప దాకా వచ్చాడు.

"ఏమప్పా, మోకాళ్లు పట్టేసినాయా?"

"లేదన్నా. ఈడ కూర్చునేది బాకీ ఉండాది."

ఆయన నా చేతిలోని చెక్కలు చూశాడు. "యాడన్నా కూర్చో, తాళం మాత్రం తప్పొద్దు" అని లోపలికి పోయాడు.

చెక్కలు ఒక్క నిమిషం ఆగాయి. పద్దెనిమిదేళ్లు నేను భయపడింది ఆ నిమిషానికి. భజన అయ్యేదాకా నా పక్కన చోటు ఖాళీగానే ఉంది.

ఇంటికి వచ్చాక నీ పాట వచ్చింది. దేవుని పేరు చోటు ఖాళీగా వదిలాను. ఇది పోస్టులో వేయను. నేనే తెస్తున్నాను. నువ్వు వాయిస్తుంటే పక్కన కూర్చుని వినాలి. బస్సు వచ్చే వేళయింది. ఆవుకు మేత వేశాను. తొట్టిలో నీళ్లు పోశాను. అదిగో, బస్సు హారన్.