ఎర్ర దారం కట్టిన కంకులు

నిడదవోలు,
9-12-1996.

వదిన గారికి నమస్కారాలు.

పోస్టులో వేస్తే ఆలస్యమవుతుందని మన ఊరి వీరబ్రహ్మం చేతికిచ్చి పంపుతున్నాను. ఇది చదవగానే, గుడి వసారాలో పిచ్చుకల కోసం మీరు కట్టిన వరికుచ్చు దింపించేయండి.

తుఫానుకి ఉప్పునీరు నిలిచి చేనంతా చచ్చినా, ఎనిమిది దుబ్బులు మాత్రం బతికి గింజ పట్టాయి. వాటి కంకులకి ఎర్ర దారం కట్టింది నేనే. "'మరిది గారు దేవుడికని గుర్తు పెట్టినట్టున్నారు' అంటూ మీ వదిన గారు కోయించి కుచ్చు అల్లారండి" అని వీరబ్రహ్మం ఇప్పుడే చెప్పాడు.

మీరు 'కోతి తాత' అని నవ్వుతారే, పరిణామం గురించి రాసిన ఆ పెద్దాయన! ఒకే చేలో మొక్కలైనా అన్నీ ఒకేలా ఉండవనీ, కష్టానికి తట్టుకున్నవాటి విత్తనమే నిలుస్తుందనీ ఆయన రాసింది ఇరవై ఏళ్ళుగా కాలేజీలో చెబుతున్నాను. కళ్ళారా చూసింది ఆ ఎనిమిది దుబ్బుల్లోనే. ఆ గింజల్ని వచ్చే ఏడు ఉప్పు చేలో చల్లుదామనుకున్నాను.

మీకు ముందే చెప్పకపోవడం నా తప్పే. పిచ్చుకలకి కావాలంటే బస్తా వడ్లు పోయిస్తాను.

పరీక్షల డ్యూటీ వల్ల రేపటిదాకా కదల్లేను. కుచ్చులో ఒక్క గింజా మిగలకపోతే, నేను వచ్చేదాకా దాని కింద నేల మాత్రం ఎవరినీ ఊడవనివ్వకండి.

మీ మరిది