ఆవిడ వచ్చేదాకా

అక్టోబర్ 31, గురువారం

ఇవాళ మా లూథరన్ల పండుగ, మా లూథర్ క్యాథలిక్కులతో తగువు మొదలుపెట్టిన రోజు. ఏటా ఈ పూట మా ఆయన కిలియన్ కాఫీ ముందు పెట్టుకుని నాతో పోట్లాటకు దిగేవాడు. లెక్కల మాస్టారు, పైగా క్యాథలిక్. బుద్ధి ఉన్నవాడెవడైనా లోకాన్ని చూసి దేవుడున్నాడని తేల్చుకోవచ్చు అనేవాడు. బ్రెట్జెల్ రొట్టె కళ్లెదుట ఉంటే బేకరీ ఉందని తెలియదటే అనేవాడు. ఉందని తెలుస్తుంది, అది నీ కోసమే కాల్చాడని ఏ లెక్క చెబుతుంది, బేకరే వచ్చి చెప్పాలి అనేదాన్ని. నలభై ఎనిమిదేళ్లు. ఎవరూ గెలవలేదు.

ఏప్రిల్‌లో ఆయనకు స్ట్రోక్ వచ్చింది. నేనెవరో తెలియదు. ఇవాళ బ్రెట్జెల్‌కి వెన్న రాసిచ్చాను. థాంక్సండీ అన్నాడు.

నవంబర్ 3, ఆదివారం

మా ఊళ్లో చర్చి ఒక్కటే. తొమ్మిదింటికి క్యాథలిక్కుల పూజ, పదిన్నరకు మా లూథరన్ల ఆరాధన. మా ఇద్దరిదీ ఒకే బల్ల, ఎడమవైపు నాలుగోది. గుమ్మంలో ఎదురుపడి, చోటు వెచ్చబెట్టాను పోవే, దేవుణ్ణి కూడా కాస్త మిగిల్చాను అనేవాడు. ఇప్పుడు ఆయన్ని పక్కింటి బెనెడిక్టా తీసుకెళ్లి తీసుకొస్తోంది.

బల్ల వెచ్చగానే ఉంది. ఆ మాటే లేదు.

నవంబర్ 6

మనవరాలు యూడిత్ ఫోటోలు తెచ్చింది. పెళ్లి, పిల్లలు, ఆల్ప్స్‌లో నా కాలు విరిగిన సెలవులు. వరసగా పేర్చి నిరూపణకు దిగాను. లెక్కలతో తేలదనే లూథరన్‌ని! పాత కిలియన్ అయితే పగలబడి నవ్వేవాడు.

నేనే మీ ఆవిడనని చెప్పెయ్యరాదూ అమ్మమ్మా, అంది యూడిత్. చెప్పాను. మా ఆవిడ ఇంత పెద్దావిడ కాదండీ అన్నాడు, మర్యాదగా.

అద్దంలో చూసుకున్నాను. ఆయన్ని తప్పు పట్టలేం.

నవంబర్ 8, పొద్దున ఏడు

వంటింట్లో చాలాసేపు కలయజూశాడు. రెండో కప్పు. గుమ్మం దగ్గర ఆడవాళ్ల చెప్పులు. కుర్చీలో సగం అల్లిన స్వెటర్. కాబట్టి ఈ ఇంట్లో నాకో భార్య ఉంది, అని తేల్చాడు. అదే క్లాసు గొంతు. లెక్క తేలినప్పుడు కొట్టినట్టే టేబుల్ మీద వేలితో తట్టాడు.

తర్వాత నావైపు తిరిగి, ఆవిడ ఎప్పుడొస్తుందండీ అని అడిగాడు.

భార్య ఉందని లెక్క చెప్పింది, అది నేనేనని చెప్పలేదు. నలభై ఎనిమిదేళ్ల పోట్లాటలో నేనే గెలిచాను. ఎవరితో చెప్పుకోను?

నవంబర్ 9

మా ష్వాబియా ప్రాంతంలో తిట్టలేదంటే మెచ్చుకున్నట్టే. నాకు తిట్టే కావాలి. ఒక్కసారి పోవే అంటే చాలు, ఓడిపోతాను.

నవంబర్ 10, ఆదివారం

పూజ అయ్యాక కిలియన్ ఎంత పిలిచినా లేవలేదట. బెనెడిక్టా చేతులెత్తేసింది. నేను వెళ్లేసరికి నాలుగో బల్లలో పక్కకు జరిగి, ఖాళీ చోటు మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. మా ఆవిడ చోటండీ, చల్లారిపోతుంది అన్నాడు.

ఆవిడ వచ్చేదాకా కూర్చోనా అని అడిగాను.

ఆ చోటు మీంచి చెయ్యి తీశాడు.